బాలెంత మనసుకీ ఒక చదువు

మా పిన్ని తల్లో మల్లెపూలు పెట్టుకోదు. ఎండాకాలం వస్తే అమ్మమ్మ ఇల్లంతా మల్లెల వాసనే. అమ్మమ్మ మూరలకి మూరలు కట్టి మా అందరి జడల్లోనూ తురిమేది. పిన్ని మాత్రం "నాకు తలనొప్పి వస్తుందే" అని తప్పుకునేది. కాబోలనుకున్నాను, ఒకటీ రెండూ కాదు, ముప్ఫై నాలుగేళ్ళు. కారణం తలనొప్పి కాదని 2022లో హైదరాబాదులో ఓ డాక్టరమ్మ గదిలో తెలిసింది.

మేం అక్కడికి వెళ్ళింది పిన్ని కూతురి కోసం. దానికప్పుడు అయిదో నెల. ప్రసూతి డాక్టరు బరువూ రక్తమూ అన్నీ చూశాక, "మీ ఇంట్లో ఎవరికైనా కాన్పయ్యాక మనసు చెదరడం లాంటిది జరిగిందా?" అని అడిగిందిట. "మా అమ్మకి ఏదో జరిగిందంటారు గానీ ఎవరూ చెప్పరండీ" అందిట మా చెల్లెలు. డాక్టరు వెంటనే ఓ చీటీ మీద ఇంకో డాక్టరు పేరు రాసిచ్చింది. ఆ రెండో ఆవిడ సైకియాట్రిస్టు. అందులోనూ ఎం.డి. అయిపోయాక గర్భిణుల మనసూ బాలెంతల మనసూ చూడ్డానికే మరో యేడాది బెంగుళూరులో ఫెలోషిప్ చేసి వచ్చినావిడ.

ఇలాంటి చదువొకటి వుందని నాకు అప్పటిదాకా తెలీదు. నేను బి.ఏ. చదివి కథలూ నవలలూ రాసుకునేదాన్ని. ఓ పాత్ర కోసం నాలుగు పుస్తకాలు తిరగెయ్యడం అలవాటే. ఈసారి పిన్ని కోసం తిరగేశాను. చదివే కొద్దీ దీని వెనక పెద్ద చరిత్రే వుందని తెలిసింది. అదీ ఎలాంటి చరిత్రనుకున్నారు! తెలిసిన విషయాన్నే నూరేళ్ళపాటు మరిచిపోయి, మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకున్న చరిత్ర.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

1988. నాకు ఎనిమిదేళ్ళు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో పిన్ని పురుడు పోసుకుంది. ఆడపిల్ల. కాన్పు సుఖంగానే అయింది. ఆరో రోజునుంచి పిన్ని నిద్రపోవడం మానేసింది. తెల్లవార్లూ మాట్లాడేది. పెంకులు లెక్కపెట్టేది. మర్నాడు ఉన్నట్టుండి, "ఈ పిల్ల నా పిల్ల కాదు, మార్చేశారు" అంది. మా పిల్లల్ని పెరట్లోకి తరిమేశారు గానీ కిటికీలకి చెవులు అడ్డం పెట్టలేరుగా! "బాలెంత సన్నిపాతం" అంది అమ్మమ్మ. "గాలి సోకింది" అంది పక్కింటి మామ్మగారు. తాయెత్తు కట్టారు, కారాలూ కషాయాలూ పోశారు. తొమ్మిదో రోజున కారు మాట్లాడి పట్నంలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

ఆ ఆస్పత్రిలో పిన్నిని చేర్చుకున్నారు గానీ, "చంటిబిడ్డకి ఇక్కడ చోటు లేదు" అన్నారు. పాపని మేనత్తగారింటికి పంపించారు. పిన్ని నలభై ఒక్క రోజులకి తిరిగొచ్చింది. బాగా చిక్కిపోయినా తేరుకున్న మనిషిగానే వచ్చింది. పాపని తెచ్చి ఒళ్ళో పెడితే పాప ఏడ్చింది. పెద్దవాళ్ళు పాపని మళ్ళీ పంపేశారు, "ఎందుకైనా మంచిది" అని. ఆ ఎందుకైనా మంచిది ఏడాది దాకా సాగింది. ఆ తర్వాత పిన్నికి ఆపరేషన్ చేయించేశారు, రెండో కాన్పు రాకుండా. అది కూడా ఎందుకైనా మంచిదనే.

ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వాళ్ళకి తెలిసిందదే. ఆ ఆస్పత్రిలో డాక్టర్లు పిన్ని జబ్బు నయం చేశారు, ఒప్పుకోవాలి. వాళ్ళ ముందున్నది ఓ పిచ్చి పట్టిన మనిషి. ఆవిడ బాలెంత అన్న సంగతి కేసు కాగితంలో ఓ మూల వుండి వుంటుందంతే.

కానీ బాలెంత అన్న మాటే అసలు సంగతి అని 1858లోనే ఒకాయన చెప్పాడు. పారిస్‌లో లూయీ విక్టర్ మార్సే అని కుర్ర డాక్టరు, అప్పటికి ముప్ఫయ్యేళ్ళు. ఇవ్రీ అనే చోట వున్న ప్రైవేటు పిచ్చాసుపత్రిలో పనిచేసేవాడు. దాన్ని నడిపిన ఎస్కిరోల్ మహాశయుడు అంతకు ముందే ఓ మాటన్నాడు: ఆస్పత్రి లెక్కల్లో కనిపించే బాలెంతలు కొద్దిమందే, ఓ మాదిరి జబ్బుతో ఇళ్ళలోనే గుట్టుగా వుండిపోయేవాళ్ళు ఇంకా ఎక్కువమంది అని. చూశారా, ఆ గుట్టు మన సొత్తేం కాదు. పారిస్‌లోనూ వుంది. మార్సే మూడువందల పైచిలుకు కేసులు కూర్చి, గర్భిణులకూ బాలెంతలకూ పాలిచ్చే తల్లులకూ వచ్చే మనోవ్యాధుల మీద పెద్ద గ్రంథం రాశాడు. గర్భంతో వున్నప్పుడు వచ్చేదేదో, కాన్పయిన వెంటనే విరుచుకుపడేదేదో, నెలా నెలన్నర దాటాక పాలిచ్చే రోజుల్లో మెల్లగా కమ్ముకునేదేదో విడివిడిగా చూపించాడు. శరీరంలో కాన్పు తెచ్చే మార్పులకీ మనసుకీ ఏదో లంకె వుందనీ అన్నాడు. హార్మోన్ అనే మాట ఇంకా పుట్టని రోజులవి.

1864లో మార్సే చనిపోయాడు, ముప్ఫై ఆరేళ్ళకే. పుస్తకం మిగిలింది. కానీ దాన్ని పక్కన పెట్టుకుని రోగుల్ని చూపిస్తూ ఇంకొకరికి నేర్పేవాళ్ళు మిగల్లేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. పుస్తకం వున్నంత మాత్రాన చదువు నిలవదు. మా అమ్మమ్మ నోట్‌బుక్కులో ఆవకాయ కొలతలన్నీ రాసి వున్నాయి, ఆవపిండెంతో ఉప్పెంతో. అది చూసి పెట్టిన మొదటేడు నా ఆవకాయ బూజు పట్టింది. ఓ ఎండాకాలం మా అత్తగారి పక్కన కూచుని, ముక్క తడి ఎలా చూడాలో, మూడోనాడు కలిపేటప్పుడు నూనె ఎంత తేలాలో కళ్ళారా చూశాకే నాకు పట్టుబడింది. ఫెలోషిప్ అంటే డాక్టర్ల లోకంలో ఈ రెండో పద్ధతే. వంట వచ్చిన మనిషే, కానీ ఆ ఒక్క వంట కోసం మరో ఏడాది పెద్దవాళ్ళ పక్కన కూచోవడం.

మార్సే తర్వాత ఏమైందంటే, వైద్యశాస్త్రం తల్లిని సర్దేసింది. జర్మనీలో క్రేపెలిన్ అనే మహా పండితుడు ఉన్మాదాలన్నిటినీ రెండు పెద్ద పెట్టెల్లోకి సర్దాడు. గొప్ప పనే, ఇవాళ్టికీ సైకియాట్రీ ఆ పెట్టెల చుట్టూనే తిరుగుతోంది. కానీ బాలెంత పిచ్చికి వేరే పెట్టె మిగల్లేదు. 1926లో అమెరికాలో స్ట్రెకర్, ఎబా అని ఇద్దరు డాక్టర్లు, కాన్పు వల్ల వచ్చే వేరే ఉన్మాదం అంటూ ఏదీ లేదని రాశారు. వున్న పిచ్చే కాన్పు వంకతో బయటపడుతుందన్నమాట. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ వంక అన్నాక ఆ వంక గురించి ఎవరు చదువుతారు? చదవనప్పుడు ఎవరు నేర్పుతారు?

ఇరవయ్యో శతాబ్దంలో సైకియాట్రీ పెద్ద కుటుంబమై వేరుకాపురాలు పెట్టింది. అమెరికా బోర్డు వాళ్ళు 1959లో పిల్లల మనసు వైద్యానికి విడిగా పరీక్ష పెట్టి పట్టాలిచ్చారు. 1991లో ముసలివాళ్ళ వైద్యానికి. 1993లో తాగుడూ మత్తుమందుల అలవాట్లకి. 1994లో కోర్టులూ జైళ్ళతో పనిపడే వైద్యానికి. మన దేశంలోనూ పిల్లలకీ, వృద్ధులకీ, వ్యసనాలకీ ఎం.డి. పైన మూడేళ్ళ డి.ఎం. చదువులు వచ్చాయి. అన్నీ కావలసినవే. నాకు ఒక్కటే సందేహం. పిల్లవాడికో డాక్టరు, ముసలాయనకో డాక్టరు, తాగొచ్చినాయనకో డాక్టరు, నేరం చేసినాయనక్కూడా ఓ డాక్టరు. వీళ్ళందర్నీ కన్న ఆవిడ ఆ వరసలో ఎక్కడా లేదేం?

ఆవిడ వచ్చింది. కాకపోతే దొడ్డిదారిన వచ్చింది. ఆ దారి తెరిచింది కూడా మహా పండితులు కారు, మొండికేసిన ఓ తల్లి.

1948. లండన్ శివార్లలో కాసెల్ ఆస్పత్రి. టామ్ మెయిన్ అనే డాక్టరు దాని పెద్ద. ఒకావిడ వైద్యానికి రావాలి, కానీ చంటివాణ్ణి ఇంకొకరికి అప్పగించి రావడానికి మనసొప్పలేదు. అయితే వాణ్ణీ తీసుకురా అన్నాడు మెయిన్. పిచ్చాసుపత్రిలో పసివాడా అని ఎంతమంది నోళ్ళు నొక్కుకుని వుంటారో! ఆ ఒక్కరితో మొదలై, కొన్నేళ్ళకి తల్లులు పిల్లల్తో సహా రావడమే అక్కడ పద్ధతయింది. ఈ అనుభవాలన్నీ మెయిన్ 1958లో లాన్సెట్ పత్రికలో రాశాడు. మార్సే గ్రంథానికి సరిగ్గా నూరేళ్ళు. మరుసటేడు, 1959లో, బాన్‌స్టెడ్ ఆస్పత్రిలో తల్లీబిడ్డల కోసమే ఓ వార్డు తెరిచారు. ఇవాళ ఇంగ్లండులో అలాంటివి చాలా వున్నాయి.

వార్డు రావడంతో చదువు రావడం మొదలైంది. ఇది గమనించదగ్గ సంగతి. తల్లినొక చోటా బిడ్డనొక చోటా పెడితే డాక్టరు చూసేది సగం రోగాన్నే. తల్లి బిడ్డని ఎలా ఎత్తుకుంటోంది, బిడ్డ ఏడిస్తే తల తిప్పుతోందా లేదా, పాలిస్తూ దాని కళ్ళలోకి చూస్తోందా, ఇవన్నీ పక్కనుండి చూస్తేనే తెలుస్తాయి. 1962లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ హామిల్టన్ అనే ఆయన బాలెంతల మనోవ్యాధుల మీద పుస్తకం రాస్తూ మరుగునపడ్డ మార్సేని మళ్ళీ వెలికి తీశాడు. 1980లో మాంచెస్టరులో ఈ ఆసక్తి వున్న డాక్టర్లు కలుసుకుని ఓ సంఘం పెట్టుకుని, దానికి మార్సే పేరే పెట్టారు. శిష్యులు లేకుండా పోయినాయనకి నూట పదహారేళ్ళ తర్వాత శిష్యులు దొరికారు.

వాళ్ళలో చన్నీ కుమార్ పేరు మనం గుర్తుంచుకోవాలి. మన దేశపు మూలాలున్న మనిషి. లండన్‌లో గర్భిణుల, బాలెంతల మానసిక వైద్యానికి ప్రొఫెసరుగా ఆ శాస్త్రానికో పీఠం సంపాదించిపెట్టాడు. 2000లో పోయాడు. లండన్ బెత్లెమ్ ఆస్పత్రిలో తల్లీబిడ్డల వార్డు చాలాకాలం ఆయన పేరునే నడిచింది. బెత్లెమ్ అంటే ఏమిటనుకున్నారు? ఒకప్పుడు టిక్కెట్టు కొనుక్కునీ చిల్లరిచ్చీ జనం పిచ్చివాళ్ళని వింతగా చూసి వెళ్ళారని చెప్పుకునే ఆ 'బెడ్లమ్' ఆస్పత్రే.

ఇంక లెక్కలు. లెక్కలు చెబితే మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు గానీ ఇవి మాత్రం చూడండి. ఎడింబరోలో 1987లో కెండెల్ అనే ఆయనా తోటివాళ్ళూ, పన్నెండేళ్ళలో జరిగిన 54,087 కాన్పుల రికార్డులూ మానసిక ఆస్పత్రి రికార్డులూ పక్కపక్కన పెట్టి చూశారు. కాన్పయిన తొంభై రోజుల్లో 120 మంది ఆస్పత్రి పాలయ్యారు. తీవ్రమైన ఉన్మాదంతో ఆస్పత్రిలో చేరాల్సివచ్చే ప్రమాదం కాన్పయిన మొదటి నెలలో మామూలు రోజులకన్నా ఇరవై రెట్లు పైగా వుంది. తొలికాన్పయితే ఇంకా ఎక్కువ. వంక మాత్రమే అన్నవాళ్ళకి ఇంతకన్నా జవాబేం కావాలి? ఆ యేడే అదే స్కాట్‌లండు నుంచి జాన్ కాక్స్, ఆయన సహచరులూ పది ప్రశ్నల చిన్న కాగితమొకటి తయారుచేశారు. నవ్వు వస్తోందా, నిద్ర పడుతోందా, నిష్కారణంగా మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారా, ఇలాంటివి. పెద్ద చదువు లేని నర్సమ్మ కూడా అడగొచ్చు. దిగులు జబ్బుని పసికట్టడానికి ఇవాళ ప్రపంచమంతా అదే వాడుతోంది.

దిగులు జబ్బు వేరు, మా పిన్నికి వచ్చినది వేరు. కాన్పయిన మూడోనాడో నాలుగోనాడో కన్నీళ్ళు రావడం చాలామందికి వుంటుంది, వారంలో అదే పోతుంది. వారాల తరబడి దిగులు పట్టుకుంటే అది జబ్బు. 2002లో గోవాలో విక్రమ్ పటేల్ బృందం 270 మంది తల్లుల్ని చూస్తే, కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి నూటికి ఇరవై ముగ్గురికి అది వుంది. మగపిల్లాడు కావాలని ఎదురుచూసిన ఇంట్లో ఆడపిల్ల పుట్టడం, మొగుడి చేతి దెబ్బలు, చేతిలో డబ్బు లేకపోవడం, ఇవీ కారణాల్లో వున్నాయి. ఇది చెప్పడానికి సర్వే దేనికి అంటారా? మనకి తెలుసు. కానీ వైద్య పత్రికలో పడితేనే డాక్టర్లకి తెలిసేది. పిన్నికి వచ్చిన ఉన్మాదం వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. తక్కువే కదా అనుకోకండి. మన దేశంలో ఏటా రెండు కోట్లకి పైగా కాన్పులు. వెయ్యికి ఒకరన్నా ఏడాదికి ఇరవై వేలమంది పిన్నులు.

మన దేశం విషయానికొస్తే మనం మరీ వెనకబడి లేం. కాశ్యప సంహితలో బాలెంతల వైద్యానికి విడిగా అధ్యాయమే వుంది. అంత వెనక్కి వద్దనుకుంటే 1950లకి వద్దాం. అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువుల్ని ఇళ్ళకి పంపకుండా ఆవరణలోనే గుడారాలు వేయించి రోగులతో పాటు వుంచాడు. 1957లో మొదలైన వెల్లూరు మానసిక వైద్యకేంద్రంలోనూ ఇంటివాళ్ళు రోగి పక్కనే వుండాలన్నది పద్ధతి. తెల్లవాళ్ళు ఆస్పత్రిలోకి బిడ్డని తెచ్చారు. మనవాళ్ళు ఆస్పత్రిలోకి ఇంటినే తెచ్చారు. ఈ రెండూ కలవడానికి మాత్రం మరో యాభై ఏళ్ళు పట్టింది.

కలిసింది బెంగుళూరులో. నిమ్హాన్స్ సంస్థలో ప్రొఫెసర్ ప్రభా చంద్ర, ఆవిడ సహచరులు 2009లో తల్లీబిడ్డల వార్డు ప్రారంభించారు. మంచాలు అయిదు. ఇంగ్లండు నమూనాయే, కానీ ఓ తేడా వుంది. అక్కడ బిడ్డని చూడ్డానికి ప్రత్యేకం నర్సులుంటారు. ఇక్కడ తల్లితో పాటు ఇంటి ఆడమనిషి ఒకరు వుండాలి. అమ్మో, అత్తగారో, ఆడపడుచో. అంటే అత్తగారు కూడా ఆస్పత్రిలో చేరినట్టే! నవ్వొద్దు. కోడలిది వేషం కాదు జబ్బు అని అత్తగారికి అర్థం కావడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

అక్కడే ఆడవారి మానసిక ఆరోగ్యంలో ఏడాది ఫెలోషిప్ వుంది. ఎం.డి. అయినవాళ్ళకే. డాక్టరమ్మ చేసి వచ్చింది ఇలాంటిదే. ఆ ఏడాదిలో కొత్తగా నేర్చుకునేదేముంది, మందులు అవే కదా అని అడిగేశాను, నాకు నోరాగదు. ఆవిడ నవ్వి చెప్పుకొచ్చింది.

మందులు అవే గానీ మనిషి ఒకరు కాదు, ఇద్దరు. గర్భం పెరిగే కొద్దీ లిథియం లాంటి మందు రక్తంలో తగ్గిపోతూ వుంటుంది, కాన్పయ్యాక ఒక్కసారిగా పైకి లేస్తుంది. వాల్‌ప్రోయేట్ అనే మందు పిండానికి చేటు. పిల్లల్ని కనే వయసు వాళ్ళకి వీలయినంత వరకూ ఇవ్వకూడదు. ఏ మందు పాలలోకి ఎంత దిగుతుందో తెలియాలి. తెలియనివాళ్ళు భయపడి పాలు మాన్పించేస్తారు, లేకపోతే మందే మాన్పించేస్తారు. రెండోది మరీ ప్రమాదం.

అంతకన్నా కష్టమైనది ఇంకొకటి చెప్పింది. ఒక తల్లి వచ్చి, "పాపని నీళ్ళలో ముంచేస్తానేమోనని ఊహలొస్తున్నాయి డాక్టరుగారూ" అని వణికిపోతూ ఏడుస్తుంది. చాలావరకు ఆవిడ పాపకేమీ చెయ్యదు. ఆ ఊహకి అందరికన్నా భయపడుతున్నది ఆవిడే. అది వదలని తలపుల జబ్బు, దానికి వైద్యం వేరు. ఇంకొక తల్లి ఏడవదు, భయపడదు. "ఈ పాప దేవత, పంపించెయ్యాలి" అని నెమ్మదిగా చెబుతుంది. అక్కడ క్షణం ఆలస్యం చెయ్యకూడదు. ఈ ఇద్దరికీ తేడా తెలియని డాక్టరు మొదటావిడ దగ్గర్నుంచి బిడ్డని లాగేసుకుంటాడు, రెండో ఆవిడని ఇంటికి పంపేస్తాడు. ఇద్దరికీ అన్యాయమే. ఈ తేడా పుస్తకంలో రెండు వాక్యాలు. ఎదురుగా పదిమంది తల్లుల్ని చూస్తే గానీ పట్టుబడదు.

ఇంకో సంగతి. బాలెంతకి నీళ్ళివ్వకపోవడం మనిళ్ళలో వుండేది కదా, జలుబు చేస్తుందనో పొట్ట పెరుగుతుందనో. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడడం ఒక కారణమై, బాలెంతలకి మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం మన దేశంలో ఎక్కువగా కనిపించేదని డాక్టర్లు రాశారు. తలనొప్పి, ఫిట్సు, పొంతన లేని మాటలు. చూసేవాళ్ళకి పిచ్చిలాగే వుంటుంది. దానికి మనసు మందులేం పనిచేస్తాయి? కాబట్టి బాలెంత తిక్కగా మాట్లాడితే ముందు ఒళ్ళు చూడమని నేర్పుతారు. అమ్మమ్మ అన్న సన్నిపాతం అన్నిసార్లూ తప్పు మాట కాదన్నమాట.

ఇదంతా వింటూ పిన్ని మాట్లాడకుండా కూచుంది. మా చెల్లెల్ని పరీక్ష చేయడం అయ్యాక డాక్టరమ్మ కుర్చీ పిన్ని వైపు తిప్పుకుంది. "మీకు ఎన్నో రోజున నిద్ర పోయిందమ్మా?" అని అడిగింది. ఏమైంది అని కాదు, పిచ్చి ఎప్పుడొచ్చింది అని కాదు. ముప్ఫై నాలుగేళ్ళలో పిన్నిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పిన్ని చెప్పింది. ఆరో రోజు అని మొదలుపెట్టి గంటసేపు చెప్పింది.

పాపని పంపేశాక పాలు కట్టి రొమ్ములు రాళ్ళయ్యాయిట. ఆస్పత్రిలో ఎవరో పెద్దావిడ సలహా ఇస్తే అమ్మమ్మ రోజూ మల్లెపూలు తెచ్చి గుండెల మీద పరిచి గుడ్డతో బిగించి కట్టేదిట. పాలు ఇంకిపోవడానికి అది మన పాత వైద్యం. (తర్వాత చదివితే తెలిసింది, సరిగ్గా ఆ యేడే, 1988లో, వెల్లూరు డాక్టర్లు మల్లెపూలనీ ఇంగ్లీషు మందునీ పోల్చి చూసి, పూలు నిజంగానే పనిచేస్తాయని రాశారు.) "నాకు అప్పటికి కొంచెం తెలివి వచ్చేసింది. పాప కావాలని అడిగితే మళ్ళీ పిచ్చి ఎక్కిందంటారని నోరు మూసుకున్నాను. వాడిన పూలు రోజూ పక్క మీద రాలేవి," అంది పిన్ని. మా చెల్లెలు తల్లి చెయ్యి పట్టుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇప్పుడయితే చట్టమే వుందని డాక్టరమ్మ చెప్పింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. తల్లి ఆస్పత్రిలో వుంటే మూడేళ్ళలోపు బిడ్డని మామూలుగా విడదీయకూడదు. తల్లి వల్ల బిడ్డకి అపాయం వుందని డాక్టరు అనుకుంటే విడదీయవచ్చు. కానీ పదిహేను రోజులకోసారి మళ్ళీ ఆలోచించాలి, నెల దాటితే పై అధికార సంస్థ అనుమతి కావాలి. పిన్నివి నలభై ఒక్క రోజులు. చట్టం రాసినంత తేలికేం కాదు, నిజమే. బిడ్డని పక్కన వుంచమంటే మంచం కావాలి, నర్సు కావాలి, ఆ తల్లిని చూసి బిడ్డకి అపాయం వుందో లేదో చెప్పగల మనిషి కావాలి. ఆ మనిషి తయారయ్యేది ఏడాదికి కొద్దిమందికి చెప్పే ఆ చదువులోనే.

తల్లికి వచ్చింది కాబట్టి కూతురికి వచ్చి తీరుతుందని లేదు, అవకాశం మాత్రం కొంత ఎక్కువ అంది డాక్టరమ్మ. మందు వెంటనే అక్కర్లేదంది. ఓ కాగితం రాసిచ్చింది. కాన్పయ్యాక మొదటి రెండు వారాలూ రాత్రి పూట తల్లికి కనీసం అయిదారు గంటలు నిద్ర దక్కాలి. అందుకు రాత్రి పాప బాధ్యత ఇంకొకరిది. వరసగా రెండు రాత్రులు నిద్రపోకపోయినా, మాట వేగం పెరిగినా, అనుమానాలు మాట్లాడినా తెల్లవారే దాకా ఆగకుండా ఫోను చెయ్యాలి. అవసరమైతే ఏ మందు, ఎక్కడ చేరాలి, బిడ్డ ఎక్కడ వుండాలి (తల్లి పక్కనే), అన్నీ ముందే రాసింది. కింద "రాత్రి కాపలా" అని గీత గీసి, అక్కడ ఎవరి పేరు రాయమంటారని అడిగింది.

"నా పేరు రాయండి," అంది పిన్ని.

మా చెల్లెలికి ఏమీ కాలేదు. నిద్రపోయింది. పిన్నే పదిహేను రాత్రులు మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పాలకి లేపాల్సివచ్చినప్పుడు మాత్రమే వాణ్ణి మా చెల్లెలి పక్కలోకి చేర్చి, మళ్ళీ తీసేసుకునేది. ఓ అర్ధరాత్రి నేను మంచినీళ్ళకి లేస్తే, పెంకులు లెక్కపెట్టిన ఆ పిన్నే వాడి వేళ్ళు లెక్కపెడుతూ కనిపించింది.

ఆరోజు డాక్టరమ్మ గదిలోంచి లేచేటప్పుడు పిన్ని గుమ్మం దగ్గర ఆగింది.

"ఈ చదువు ఎన్నేళ్ళమ్మా?"

"మామూలు చదువులన్నీ అయ్యాక ఇంకో ఏడాదండీ."

"ఒక్క ఏడాదేనా!" అంది పిన్ని. కాసేపలాగే నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చి, బాలెంతకి మంచినీళ్ళు ఎన్నో రోజునుంచి ఇవ్వచ్చని అడిగింది.

"మొదటి రోజునుంచే అమ్మా, అడిగినన్ని ఇవ్వండి," అంది డాక్టరమ్మ.